రేడియోలో వెనక సగం

మా ఇంట్లో తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత ఏ వస్తువు పాడయినా నన్నెవరూ సలహా అడగరు. ఫ్యాను మూలిగినా, మిక్సీ మొరాయించినా మా ఆవిడ మా నాన్నగారి గదివైపే చూసేది. ఆయన హిందుస్తాన్ షిప్‌యార్డులో ముప్ఫయ్యారేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి 2003లో రిటైరయ్యారు. ఇప్పుడు ఎనభయ్యేళ్ళు. రెండేళ్ళ నుంచీ చేతులు వణుకుతున్నాయి. స్క్రూడ్రైవరు పట్టుకుంటే స్క్రూ ఒకచోట, ఆయన చెయ్యి ఇంకొకచోట. దాంతో ఆయన వైపు చూడడం కూడా మానేశాం. పాడయిన వస్తువు తీసుకెళ్ళి షాపులో పడెయ్యడం, అక్కడివాడు అడిగినంత ఇవ్వడం, ఇదీ మా పద్ధతి అయిపోయింది.

అటువంటిది ఈ వర్షాకాలంలో మా వాడి గిటారు పెట్టెకు జబ్బు చేసింది. వైద్యుడుగా మా నాన్నగారూ, ఆయన చేతులుగా నేనూ, చెవులుగా మా వాడూ పదకొండు రాత్రులు దాని ముందు కూర్చోవలసి వచ్చింది.

పెట్టె అంటే ఏమిటో ముందు చెప్పాలి. వీణకు కుండ ఉంది. తంబురాకు బుర్ర ఉంది. తీగ కదిలితే ఆ డొల్లలో నాదం పెరిగి మన చెవికి వస్తుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ డొల్ల లేదు. వట్టి చెక్కపలక మీద ఆరు తీగలు, వాటి కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ. పై తీగ కదిలితే కింది చుట్టలో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దాన్ని వేల రెట్లు పెంచి స్పీకరుకిచ్చే ఆంప్లిఫయరు లేకపోతే ఆ గిటారు మోత పక్కగదికి కూడా వినపడదు. మన ఇళ్ళలో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చి అర్ధశతాబ్దం దాటింది గాని, గిటారు వాళ్ళు మాత్రం ఇప్పటికీ వాల్వులే కావాలంటారు. మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు పెడితే ట్రాన్సిస్టరు చటుక్కున చిట్లినట్టు పలుకుతుందట. వాల్వు అలా కాదట, మెల్లగా ఒదిగి, ముద్దగా, కాస్త బొంగురుగా పలుకుతుందట. ఆ బొంగురు కోసమే వీళ్ళు వేలకు వేలు పోస్తారు.

నాకు ఈ వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు. "మన వీణ ఉంది, వయొలిన్ ఉంది, ఆ చెక్కముక్క దేనికిరా?" అన్నాను ఒకరోజు. మా వాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఊరికే ఉండలేదు. "వయొలిన్ మనదా నాన్నా?" అన్నాడు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన వాద్యం సముద్రాలు దాటి వచ్చినదేనని నాకు మాత్రం తెలియదూ? అంతటితో ఆగక, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పేరెత్తాడు. ఆయన త్యాగరాజ కీర్తనలు వాయించినది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద. దానికీ డొల్ల లేదు, దానికీ పెట్టె కావలసిందే. తరగతిలో ఇలాంటి ప్రశ్న విద్యార్థి అడిగితే మెచ్చుకుంటాను. ఇంట్లో కొడుకు అడిగేసరికి కోపం వచ్చింది. "డబ్బు మాత్రం నేనివ్వను" అన్నాను.

నేనివ్వకపోయినా పెట్టె వచ్చింది. బెంగుళూరులో ఎవరో వాడి వాడి అమ్మిన ఇంగ్లీషు సరుకు, పదిహేను వాట్లది, ముప్ఫయ్‌రెండు వేలు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టానన్నాడు. నమ్మాను.

ఏడాది బాగానే పాడింది. జూలై వానలు పట్టగానే మొదలయింది రోగం. సాయంత్రం పూట స్విచ్చి వేస్తే కాస్సేపటికి గుయ్‌మని మూలుగు. తీగ ముట్టకపోయినా మూలుగే. పది నిమిషాలకు గిటారు గొంతు సన్నబడేది. ఒక రాత్రి లోపల ఒక వాల్వు కొలిమిలో ఇనుములా ఎర్రబడి, ఫటేలుమని ఫ్యూజు ఎగిరిపోయింది. విచిత్రమేమంటే మర్నాడు మధ్యాహ్నం కొత్త ఫ్యూజు వేస్తే ఏ రోగమూ లేనట్టు పాడింది. రాత్రికి మళ్ళీ మామూలే.

ఊళ్ళో ఒక షాపుకు తీసుకెళ్ళాం. పేరు చెప్పను. అక్కడి కుర్రవాడు పెట్టె విప్పకుండానే, "ట్రాన్స్‌ఫార్మరు పోయింది సార్, ఇక్కడ దొరకదు. పాత ఇనుము కింద ఇచ్చెయ్యండి" అన్నాడు. ఉక్కు నగరంలో పాత ఇనుముకు ధర లేకపోలేదు. "పోనీ ఇచ్చెయ్యరా" అన్నాను నేను కూడా. మా వాడు పెట్టె ఎత్తుకుని ఇంటికొచ్చి మంచం కింద పెట్టాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు కాలేజీనుంచి వచ్చేసరికి పెట్టె హాల్లో ఉంది. మా నాన్నగారు స్టూలు మీద కూర్చుని, వెనక జాలీలోంచి టార్చి వేసి చూస్తున్నారు. చాలాసేపు చూసి, "ఓస్, ఇది రేడియోలో వెనక సగంరా" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజమని తరువాత తెలిసింది. వాల్వు రేడియోకు రెండు భాగాలు. ముందు భాగం స్టేషను పడుతుంది. వెనక భాగం దొరికిన సన్నని ధ్వనిని పెంచి స్పీకరుకిస్తుంది. ముందు సగం తీసేసి ఆ స్థానంలో గిటారు తగిలిస్తే గిటారు ఆంప్లిఫయరు. అమెరికాలో ఈ పెట్టెలకు పేరు తెచ్చిన లియో ఫెండర్ అసలు రేడియో రిపేరు మనిషి. 1938లో కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియో షాపు పెట్టుకుని బతికినవాడు. ఇంగ్లండులో జిమ్ మార్షల్ డ్రమ్ములమ్మే దుకాణదారు. ఆయన మనుషులు 1962 ప్రాంతాల్లో ఫెండర్ పెట్టె ఒకటి ముందు పెట్టుకుని, అక్కడ దొరికే సామానుతో తమది తయారు చేశారు. రేడియో రిపేరు వచ్చినవాడికి ఇది పరాయి విద్య కాదన్నమాట. షాపులో కుర్రవాడు పుట్టేనాటికి రేడియో రిపేరు చేసేవాళ్ళే లేరు. వాణ్ణని ఏం లాభం?

పెట్టెలో అయిదు వాల్వులు. రెండు పెద్దవి ఇ.ఎల్.84, మూడు చిన్నవి ఇ.సి.సి.83. ఆ పేర్ల అర్థం మా నాన్నగారు చెబుతుంటే నాకు ముచ్చటేసింది. మొదటి 'ఇ' అంటే లోపలి తీగ వేడెక్కడానికి 6.3 వోల్టులు కావాలని. 'ఎల్' అంటే స్పీకరును నడిపే బలశాలి అని. 'సి' అంటే ట్రయోడు, 'సి' రెండుసార్లు వస్తే ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడులున్నాయని. '8' అంటే తొమ్మిది కాళ్ళ పీఠం. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ సంజ్ఞలు చెబుతున్నాను గాని, మా నాన్నగారు ఇన్నాళ్ళూ ఇలాంటివే కంఠస్థం చేసుకుని తిరుగుతున్నారని నాకు తెలియదు. అమెరికావారి వ్యాకరణం వేరుట. ఈ ఇ.ఎల్.84నే వాళ్ళు 6బి.క్యూ.5 అంటారు.

"మూత విప్పు" అన్నారు. విప్పాను. లోపల వైర్ల మీద దుమ్ము కనిపించి రెండు చేతులూ పెట్టి తుడవబోయాను.

"ఒరేయ్!"

నన్నాయన ఒరేయ్ అని గద్దించి పాతికేళ్ళయింది. చేతులు వెనక్కి లాగేసుకున్నాను. ప్లగ్గు పీకే ఉంది కదా అన్నాను. "ప్లగ్గు పీకితే గోడలో కరెంటు పోతుంది, పెట్టెలో పోదు" అన్నారు. వాల్వు పెట్టెల్లో మూడువందల వోల్టుల పైచిలుకు నిలవ ఉండే కండెన్సర్లుంటాయి. స్విచ్చి కట్టేశాక కూడా ఆ నిలవ ఎంతసేపుంటుందో చెప్పలేం. రెండు చేతులతో ముడితే కరెంటు ఒక చేతినుంచి గుండెమీదుగా రెండో చేతికి పోతుంది. కుడి బొటనవేలు చూపించారు. గోరు పక్కన తెల్లటి మచ్చ. చిన్నప్పటినుంచీ చూస్తున్న మచ్చే. పడుచుతనంలో ఇంట్లో రేడియో విప్పినప్పుడు కండెన్సరు కొట్టి గోడకు విసిరేసిందట. "ఆ రోజు ఎడమ చెయ్యి జేబులో ఉంది గనక నువ్వు పుట్టావు" అన్నారు. మా అమ్మ వంటింట్లోంచి, "ఇప్పుడా మాటలెందుకు?" అంది.

అందుకని మా ఇంట్లో ఒక శాసనం ఏర్పడింది. ముందు ప్లగ్గు పీకాలి. రెండువేల రెండువందల ఓముల, పది వాట్ల రెసిస్టరుకు మొసలిమూతి క్లిప్పులు తగిలించి కండెన్సర్ల నిలవ దించాలి. స్క్రూడ్రైవరుతో టప్పున కొట్టకూడదు. మీటరు పెట్టి సున్నాకు వచ్చిందని కళ్ళారా చూడాలి. ఆ తరవాతే వేలు పెట్టాలి. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే మీటరు నల్ల వైరు ముందే ఇనుప చట్రానికి తగిలించి, ఎర్ర వైరు ఒక్కటే ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చెయ్యి జేబులో. ఇంకొక మనిషి స్విచ్చి దగ్గర నిలబడాలి. స్పీకరు తగిలించకుండా పెట్టె ఎప్పుడూ నడపకూడదు, నడిపితే నిజంగానే ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ఇదంతా చదివి, పక్కన తెలిసిన మనిషి లేకుండా ఎవరైనా మూత విప్పితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. దయచేసి విప్పకండి.

రెండో రాత్రి సిరీస్ బోర్డు తయారు చేశాం. కరెంటు పెట్టెలోకి నేరుగా పోకుండా మధ్యలో వందవాట్ల బల్బు గుండా పోయే ఏర్పాటు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, పెట్టెకు ప్రమాదం ఉండదు. ఎల్.ఇ.డి. దీపం దీనికి పనికిరాదు, తీగ బల్బే కావాలి. ఈ రోజుల్లో అది దొరకడం బ్రహ్మప్రళయం. ఆఖరికి మా ఆవిడ అటకమీద పండగ సామాన్ల బుట్టలోంచి ఒకటి తీసింది. వాల్వులన్నీ పీకేసి స్విచ్చి వేశాం. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారిపోయింది. "ట్రాన్స్‌ఫార్మరు బంగారంలా ఉంది" అన్నారు నాన్నగారు. మా వాడు నావైపు చూశాడు. నేను బల్బువైపు చూశాను.

వాల్వులు పెట్టాక మూలుగు మొదలయింది. "యాభై సైకిల్సా, వందా?" అన్నారు నాన్నగారు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. పెట్టెలో అది ఒకవైపు ప్రవాహంగా మారేటప్పుడు వందసార్ల ఊపుగా మిగులుతుంది. మూలుగు యాభై అయితే ఎర్త్ వైరో, వాల్వుల దీపం వైరింగో చూడాలి. వంద అయితే కరెంటును చదును చేసే కండెన్సర్లో, జోడీ వాల్వుల్లో తేడాయో చూడాలి. సరే, యాభయ్యో వందో ఎలా తెలుస్తుంది? మా వాడు గిటారు తీసుకున్నాడు. ఆరో తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటాడు. అది 98 హెర్ట్జ్‌ట. "మూలుగు దీనికి వెంట్రుకవాసి పైన ఉంది తాతయ్యా. వందే." నాన్నగారు వాడి వీపు తట్టారు. షిప్‌యార్డులో ఇంత చెవి ఉన్నవాడు తన సెక్షన్లో లేడన్నారు. నేను అంతవరకూ ఆ గిటారు శ్రుతిని శ్రుతిగా విననేలేదు.

కండెన్సర్లే దొంగలనుకున్నాం. కరెంటు ఆపి, నిలవ దించి, ఒక మంచి కండెన్సరును పాతదానికి పక్కన తగిలించి మళ్ళీ వేశాం. మూలుగు తగ్గలేదు. ఒకరోజు అలా పోయింది.

తరవాత దీపాలార్పి పెద్ద వాల్వులు చూశాం. ఎడమది అంచుల్లో ఎర్రబడుతోంది. కుడిది చల్లగా ఉంది. వాటిని మార్చి పెట్టమన్నారు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. నిమిషం మాత్రం నడపమన్నారు. ఎర్రదనం వాల్వుతోబాటు కుడికి వెళితే దోషం వాల్వుది, ఎడమనే ఉంటే దోషం గూటిది. ఎడమనే ఉంది.

ఇక్కడ వాల్వు పని ఎలా జరుగుతుందో రెండు ముక్కలు చెప్పకపోతే తక్కినది అర్థం కాదు. గాజుబుడ్డి మధ్యలో కాథోడు వేడెక్కి ఎలక్ట్రానులను వదులుతుంది. చుట్టూ ఉన్న ప్లేటు మూడువందల వోల్టులతో వాటిని లాగుతుంది. మధ్యలో గ్రిడ్డు అనే సన్నని జాలీ. అది చెరువుకు మదుము వంటిది. మదుము పలక ఒక పిల్లవాడు ఎత్తినా దించినా కాలవలో నీరు పెరిగి తరుగుతుంది. గిటారు చేసే పని ఆ పలక ఆడించడమే. గ్రిడ్డు సున్నా వోల్టుల దగ్గరా, కాథోడు పదీ పన్నెండు దగ్గరా ఉండాలి. ఆ తేడాయే పలకను సగం దించి ఉంచుతుంది. గ్రిడ్డు మీదికి ఎక్కడినుంచో వోల్టులు చేరాయంటే పలక ఎత్తేసినట్టే. కాలవ గట్టు తెగినట్టు ప్రవాహం, ప్లేటు ఎర్రబడడం. రెండు వాల్వులూ ఒకే కాడికి కట్టిన ఎడ్లు గనక ఒకటి మితిమీరి లాగితే రెండోది నడక మానేస్తుంది. జోడీ సమంగా ఉన్నప్పుడు ఒకరి మూలుగును ఒకరు కొట్టేసుకుంటారు. జోడీ తప్పేసరికి వంద సైకిల్స్ మూలుగు పైకి వచ్చింది.

పెద్ద వాల్వులు రెండూ తీసేసి గ్రిడ్డు కాలు దగ్గర కొలిచాం. కుడివైపు సున్నా. ఎడమవైపు తొమ్మిది వోల్టుల పైన. నా చెయ్యి వణికింది. మా నాన్నగారిది వణకలేదనుకుంటాను.

"కప్లింగ్ కండెన్సరు కారుతోంది" అని తీర్పు చెప్పారు. వెనకటి వాల్వు నుంచి ధ్వనిని మాత్రం వదిలి, వోల్టులను ఆపే కాపలావాడది. వాడు లంచం తింటే వోల్టులు గ్రిడ్డుకు చేరతాయి. పాత రేడియోలలో కాగితపు కండెన్సర్లకు ఇది సర్వసాధారణమైన రోగం. మర్నాడు కొత్తది కొని, నేను జీవితంలో మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, చూపుడువేలు కాల్చుకుని అతికించాను. కొలిస్తే ఇంకా తొమ్మిది. కండెన్సరు కాలు ఒకటి ఊడదీసి గాలిలో పెట్టి కొలిచినా ఎనిమిదిన్నర.

ఆ రాత్రి నాన్నగారు భోజనం సరిగా చెయ్యలేదు. అప్పుడే బయటపడింది అసలు సంగతి. "పోనీ వదిలేద్దాం నాన్నగారూ" అంటే, "ఎలా వదుల్తాంరా, నావి పద్ధెనిమిది వేలున్నాయి అందులో" అన్నారు. పెరుగన్నం కలుపుకుంటున్న మా వాడి చెయ్యి ఆగిపోయింది. నేను మజ్జిగ తాగి లేచాను. ఏమనాలో తోచలేదు. బాల్కనీలోకి వెళితే తలుపు చెక్కలు ఉబ్బి పట్టడం లేదు. మాది చినవాల్తేరు, మూడో అంతస్తు, సముద్రం ఎదురుగానే. వానాకాలం ఆ తలుపు కమ్ముల మీద వేలు రాస్తే ఉప్పు.

వెనకనుంచి నాన్నగారి గొంతు. "ఇది రాత్రిపూటే ఎందుకొస్తోంది?"

మధ్యాహ్నం బాగుండి రాత్రి చెడే రోగం కండెన్సరుది కాదు, గాలిది. షిప్‌యార్డులో ఇదే గొడవట. ఓడ డెక్కు మీది జంక్షన్ బాక్సులు పగలు మెగ్గరు పెట్టి చూస్తే ఇన్సులేషను బ్రహ్మాండంగా ఉంటుంది. తెల్లవారుజామున చూస్తే సగం ఉండదు. ఉప్పు పొర ఎండి ఉన్నంతసేపూ అమాయకంగా ఉంటుంది. తేమ తగిలిందంటే తీగ అయిపోతుంది. మా పెట్టె సాకెట్టు గోధుమరంగు ఫైబరుది. మూడువందల వోల్టులున్న తొమ్మిదో కాలునుంచి పక్క కాళ్ళమీదుగా గ్రిడ్డుకు ఉప్పుదారి పడింది. బెంగుళూరులో ఉన్నన్నాళ్ళూ దానికి సముద్రం ఎరికలేదు. మా బాల్కనీ పక్కన ఏడాది ఉండేసరికి ఒంటబట్టింది.

స్పిరిట్టూ, పాత టూత్‌బ్రష్షూ పెట్టి తోమి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఆరబెట్టాం. తొమ్మిది వోల్టులు పావు వోల్టుకు దిగింది. అందరం కాఫీ తాగాం. మర్నాడు రాత్రి భోరున వాన. కొలిస్తే మూడు. ఫైబరు లోపలికి కూడా ఉప్పు ఇంకిపోయింది. పింగాణీ సాకెట్టు వెయ్యక తప్పదన్నారు.

దానికోసం పూర్ణా మార్కెట్టు సందుల్లో తిరిగితే, ఎప్పుడో రేడియోలు బాగుచేసి ఇప్పుడు ఫ్యాన్లు చుట్టుకుంటున్న ఒక ముసలాయన దగ్గరికి పంపించారెవరో. "తొమ్మిది కాళ్ళ వాల్వు బేసా? ఏటి బాబూ, ఇప్పుడెవులకి కావాల?" అన్నాడు. గిటారు సంగతి చెప్పాను. "గుంటడు వాయిస్తాడా?" అని అడిగి, డబ్బాలోంచి నాలుగు తీసి, లెన్సుతో చూసి ఒకటి ఏరి ఇచ్చాడు. డబ్బులు వద్దంటాడేమో, కథ బాగుంటుందనుకున్నాను. యాభై రూపాయలు లెక్కపెట్టి తీసుకున్నాడు.

తొమ్మిది కాళ్ళు ఊడదీసి తొమ్మిది కాళ్ళు అతకడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. నాన్నగారు ఒక్కొక్క కాలుకూ పేరు చెబుతుంటే మా వాడు ఫోనులో తీసిన ఫొటోతో సరిచూశాడు. వాన కురుస్తుండగానే కొలిచాం. రెండువైపులా సున్నా.

అయితే పది రాత్రుల పాటు ఎర్రగా కాగిన వాల్వు సత్తువ చచ్చిపోయింది. కొత్త జోడీ రష్యానుంచో, స్లొవాకియానుంచో, చైనానుంచో రావాలి. ఇప్పుడు ప్రపంచంలో వాల్వులు చేసేది ముఖ్యంగా ఆ దేశాలే. తెప్పించినా పదిహేను రోజులు. మా వాడి కాలేజీ ఉత్సవం ఆదివారం.

నాన్నగారు మాట్లాడకుండా లేచి తన గదిలోకి వెళ్ళారు. అక్కడ స్టాండు మీద రేడియో ఉంది. 1972లో పెళ్ళికి ముందు సెకండ్‌హ్యాండుకు కొన్నది. విశాఖ ఆకాశవాణి 1963లో పుట్టింది. మా ఇంట్లో ఆ స్టేషనుకూ, రేడియో సిలోనుకూ ముల్లు తిరిగీ తిరిగీ అద్దం మీద గీత పడింది. పోస్టాఫీసులో ఏటేటా కట్టిన లైసెన్సు పుస్తకం ఇప్పటికీ దాని కింద సొరుగులో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా కిటికీ అద్దాలు పగలగొట్టినప్పుడు ఉప్పువాన దానిమీద కురిసింది. ఆరబెట్టి, తుడిచి, మళ్ళీ స్టాండు మీద పెట్టారు గాని ఆ రోజు లగాయతు స్విచ్చి వెయ్యలేదు. బాగుచెయ్యకూడదా అని ఒకటి రెండుసార్లు అడిగాను. "చూద్దాంలే" అనేవారు. విప్పి చూసి లేదనిపించుకోవడం ఇష్టం లేదు కాబోలు.

ఆయనే వెనక అట్ట విప్పారు. ఆయనే, వణికే చేత్తోనే, గాజుబుడ్డిని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ పీకారు. మేమెవరం సాయం వెళ్ళలేదు. దీపం దగ్గర తిప్పి చూస్తే మాసిపోయిన అక్షరాలు, ఇ.ఎల్.84, బి.ఇ.ఎల్. మన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారిది. వారు 1961లో రేడియో వాల్వులు మొదలుపెట్టారు. ఆ కర్మాగారపు వాల్వుల కోసం ఈనాడు పై దేశాల వాళ్ళు కూడా వెతుక్కుంటారని మా వాడు చెప్పాడు. నాన్నగారు నమ్మలేదు.

పాతదీ కొత్తదీ జోడీ కుదురుతుందో లేదో అని ఒక్కొక్కటి ఎంత లాగుతోందో కొలిచాం. ఉన్నదాని కంటే మా రేడియో వాల్వు కాస్త తక్కువ లాగింది. పనికొస్తుందన్నారు. సిరీస్ బల్బు మెరిసి మసకబారింది. దాన్ని తీసేసి నేరుగా పెట్టాం. అరనిమిషం నిశ్శబ్దం. మూలుగు లేదు. లోపల రెండు నారింజరంగు చుక్కలు. మా వాడు ఆరో తీగ మూడో మెట్టు నొక్కి మీటాడు. కిటికీ అద్దాలు జల్లుమన్నాయి. కింది అంతస్తువారు ఫోను చేశారు.

ఆదివారం నేను కూడా వెళ్ళాను. పాటలు నాకు తెలిసినవి కావు, మాటలు సగం అర్థం కాలేదు. మధ్యలో వాడొక్కడూ వాయించిన చోట మాత్రం, శబ్దం బిగ్గరగా లేచి, విరగకుండా ఒదిగి, బొంగురుపోయి నిలబడింది. అది ఎవరి గొంతో నాకు తెలుసు.

పెట్టె ఇప్పుడు బాల్కనీ పక్కన ఉండడం లేదు. లోపలిగదిలో బీరువా పక్కన, గుడ్డ కప్పుకుని ఉంటుంది. కొత్త వాల్వులు పదహారో రోజున వచ్చాయి. నాలుగు వేలకు కొంచెం తక్కువ. ఆ డబ్బు నేనే ఇచ్చాను. కొత్త జోడీ పెట్టెలో పెట్టి, మా వాడు బి.ఇ.ఎల్. వాల్వును రుమాల్లో చుట్టి తాతయ్య గదికి తీసుకెళ్ళాడు. రేడియోలో దాని గూట్లో దాన్ని నొక్కి కూర్చోబెట్టి, సిరీస్ బోర్డు తగిలించి, ఎవరి అనుమతీ అడక్కుండా స్విచ్చి వేశాడు.

బల్బు వెలిగింది. మసకబారలేదు. వెలుగుతూనే ఉంది.

"ఆపు, ఆపు" అన్నారు నాన్నగారు. కళ్ళజోడు తుడుచుకుని స్టూలు ముందుకు లాక్కున్నారు. "షార్టుంది. ఏదంటావు?"

"వాల్వులన్నీ పీకి చూద్దామా తాతయ్యా?" అన్నాడు వాడు, ప్లగ్గు లాగుతూ.

నేను రెసిస్టరు క్లిప్పులు అందుకున్నాను. ఎడమ చెయ్యి అప్పటికే జేబులో ఉంది.